బోరు నీళ్ళ ఇంట్లో ఏ రసాయనం దేనికి?

నల్లగొండలో ఏ కిరాణం దుకాణానికి వెళ్ళి "సోడా ఇవ్వండి" అన్నా, దుకాణదారు చెయ్యి కదిపే ముందు "తినేదా, బట్టలదా?" అని అడుగుతాడు. సరైన ప్రశ్నే. పటిక, తినే సోడా, బట్టల సోడా, నిమ్మ ఉప్పు, దొడ్డుప్పు, బ్లీచింగ్ పౌడర్, సున్నం, అన్నీ తెల్లగానే ఉంటాయి. పని మాత్రం దేనిది దానిదే. అయితే మన ప్రాంతంలో దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంట్లో వాడేది ఏ నీళ్ళు? హైదరాబాద్‌లో ఉన్న అక్క ఫోన్‌లో చెప్పిన చిట్కా మర్రిగూడలో పనిచేయకపోతే తప్పు అక్కది కాదు, పొడిదీ కాదు. నీళ్ళు వేరు, అంతే.

అందుకే ముందు నీళ్ళ సంగతి చూసుకుని, తర్వాత పొడుల దగ్గరికి వద్దాం.

తియ్యటి నీళ్ళనే ముందు అనుమానించాలి

మన కాళ్ళ కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు అది ఫ్లోరైడ్ రూపంలో కొద్దికొద్దిగా కరుగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళు అంత పాతవి, రాతితో అంత ఎక్కువ కాలం గడిపినవి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం వైపు ఫ్లోరైడ్ వల్ల వంగిన కాళ్ళు, బిగుసుకుపోయిన నడుములు, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు చూడనివాళ్ళు లేరు. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు.

చాలామంది ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. ఒకటి నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పప్పు ఉడక్కపోవడం, సబ్బు నురగ రాకపోవడం, బిందె లోపల తెల్లటి పొర కట్టడం, ఇవన్నీ దాని పని. రెండోది ఫ్లోరైడ్. దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. "మా బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి, పప్పు మెత్తగా ఉడుకుతుంది, మాకు ఫ్లోరైడ్ ఎక్కడిది?" అని ధీమాగా చెప్పేవాళ్ళుంటారు. నిజం తరచుగా దానికి తలకిందులుగా ఉంటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అది నీళ్ళలో కరగడం చాలా తక్కువ కాబట్టి అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువ ఉన్న మెత్తటి నీళ్ళలో ఆ అడ్డు లేదు. కాబట్టి మన జిల్లాల్లో తియ్యటి బోరు దొరికిందంటే సంతోషించే ముందు పరీక్ష చేయించాలి.

టీడీఎస్ మీటరు పెట్టి చూశామనేది ఇంకో ధీమా. ఆ మీటరు నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అంచనా కడుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పలేదు. టీడీఎస్ 400 చూపించిన నీళ్ళలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 900 చూపించిన నీళ్ళలో అర మిల్లీగ్రాము ఉండొచ్చు. ఫిల్టర్లు అమ్మడానికి వచ్చేవాళ్ళు గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చి, నీళ్ళు ఎర్రటి బురదగా మారితే "చూశారా మీరు తాగేది" అంటారు. ఆ బురదలో ఎక్కువ భాగం ఆ ఇనుప కడ్డీ కరిగి వచ్చిందే. ఫిల్టర్ నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు, నీళ్ళు తేటగా కనిపిస్తాయి. అది పరీక్ష కాదు, గారడీ.

అసలు పరీక్ష గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో జరుగుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్ళు పట్టి ఇవ్వాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దంటారు. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే మంచిది, ఎందుకంటే అంకె ఏడాది పొడవునా ఒకేలా ఉండదు.

ఫ్లోరైడ్‌కు ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

ముందు పనిచేయనివి చెప్తాను, ఎందుకంటే డబ్బులు, శ్రమ ఎక్కువగా పోయేది వాటి మీదే. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. పైగా ఆవిరైన నీళ్ళ మేరకు గిన్నెలో మిగిలినది ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ మడ్డిని ఆపుతుంది, అతినీలలోహిత కాంతి దీపం క్రిములను చంపుతుంది, బ్లీచింగ్ కూడా అంతే. ఈ మూడింటికీ ఫ్లోరైడ్‌తో సంబంధం లేదు. కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది, ఫ్లోరైడ్ జోలికి పోదు.

పనిచేసేవాటిలో మన ఊరి పేరే పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. నాగ్‌పూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, 1970లలో రూపొందించిన దాన్ని ప్రపంచమంతా "నల్లగొండ పద్ధతి" అనే పిలుస్తుంది. అందులో వాడేవి దుకాణంలో దొరికే మూడు తెల్ల సరుకులే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటిక నీళ్ళలో కరిగి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే దూదిలాంటి తెట్టు కడుతుంది. ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకు దిగుతుంది. పటిక వల్ల వచ్చే పులుపును సున్నం సరిచేస్తుంది. దాని మోతాదు సుమారుగా పటికలో ఇరవయ్యో వంతు. బ్లీచింగ్ క్రిముల కోసం. బాగా కలిపి, తర్వాత మెల్లగా తిప్పి, గంటసేపు కదల్చకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళను మాత్రమే వంచుకోవాలి.

వినడానికి సులువు. చిక్కంతా మోతాదులో ఉంది. వాగు నీళ్ళ మడ్డి తేర్చడానికి లీటరుకు పదుల మిల్లీగ్రాముల పటిక చాలు. ఫ్లోరైడ్ తీయడానికి వందల మిల్లీగ్రాములు కావాలి, అది కూడా ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువ వేస్తే అల్యూమినియం మిగులుతుంది. పటిక ముక్కను బిందెలో నాలుగు చుట్లు తిప్పి "ఫ్లోరైడ్ పోయింది" అనుకోవడం మాత్రం ఉత్తమాట. లెక్క తెలిసిన మనిషి చూసుకునే ఊరి ప్లాంటుకు ఈ పద్ధతి బాగుంటుంది. ఇంట్లో రోజూ చేయమని నేను ఎవరికీ చెప్పను.

యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు నింపిన ఫిల్టర్ ఇంకో దారి. కరెంటు అక్కర్లేదు, నీళ్ళు వృథా పోవు. కానీ గుళికలు ఫ్లోరైడ్‌తో నిండిపోయాక వాటిని రసాయనాలతో కడిగి మళ్ళీ సిద్ధం చేయాలి, లేదా మార్చాలి. ఎప్పుడు నిండాయో నీళ్ళ రుచి చెప్పదు. నెలల తరబడి ఉత్త పెట్టెలోంచి నీళ్ళు పట్టుకుంటూ ఫిల్టర్ ఉందనే నమ్మకంతో బతకడం జరుగుతుంది.

నీళ్ళను సన్నటి పొర గుండా ఒత్తి వడకట్టే ఆర్‌ఓ మిషన్ ఫ్లోరైడ్‌ను చాలా వరకు తీస్తుంది. అందుకే ఊరూరా వాటర్ ప్లాంట్లు, 20 లీటర్ల క్యాన్లు వచ్చాయి. దానికీ మూడు లోపాలున్నాయి. పొర పాతబడితే పని మందగిస్తుంది, కాబట్టి బయటికి వచ్చే నీళ్ళను కూడా ఏడాదికోసారి పరీక్షించాలి. ప్లాంటు నుంచి క్యాన్ ఇంటికొచ్చే లోపు క్రిములు చేరితే ఆపడానికి అందులో క్లోరిన్ ఉండదు. ఇక మిషన్ బయటికి వదిలే నీళ్ళు మనకు వచ్చే నీళ్ళ కంటే ఎక్కువ, పైగా తీసేసిన ఫ్లోరైడ్ అంతా వాటిలోనే ఉంటుంది. వాటిని మరుగుదొడ్డికి, గచ్చు కడగడానికి వాడుకోవచ్చు. బర్రెకు తాపొద్దు, కూరగాయల మడికి పెట్టొద్దు, బాయిలోకి వదలొద్దు.

నా ఎంపిక అడిగితే, మిషన్ భగీరథ నల్లా నీళ్ళు సక్రమంగా వచ్చే ఇంటికి అవే మేలు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ఈ పథకంలో మన వైపు వచ్చేవి కృష్ణ నీళ్ళు. నల్లగొండ దగ్గర పానగల్లు ఉదయసముద్రం, పాలమూరుకు కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు, వీటి నుంచి వచ్చేవి నదిలో పారిన నీళ్ళు. ఏళ్ళ తరబడి గ్రానైట్ పగుళ్ళలో నిలిచిన నీళ్ళు కావు కాబట్టి ఫ్లోరైడ్ బెడద ఉండదు. "బ్లీచింగ్ వాసన వస్తుంది" అని వాటిని బట్టలకు వాడి, బోరు నీళ్ళు తాగేవాళ్ళను చూస్తే మాత్రం బాధేస్తుంది. వాసన క్లోరిన్‌ది. వెడల్పాటి గిన్నెలో పోసి కాసేపు మూత తీసి ఉంచితే తగ్గిపోతుంది. నిజానికి కాస్త వాసన ఉండటమే క్రిములను ఆపే క్లోరిన్ నీళ్ళలో ఇంకా మిగిలి ఉందనడానికి గుర్తు. నల్లా రాని రోజులకు, రాని ఊళ్ళకు ఆర్‌ఓ.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తాగడానికి క్యాన్ నీళ్ళు, వంటకు బోరు నీళ్ళు అనే అలవాటు మన ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. అన్నం ఉడికేటప్పుడు బియ్యం పీల్చుకునేది ఆ నీళ్ళే, పప్పు ఉడికేదీ వాటిలోనే. ఆవిరై పోయేది నీళ్ళు, గిన్నెలో మిగిలేది ఫ్లోరైడ్. టీ సంగతి ఇంకా అన్యాయం, ఎందుకంటే తేయాకులోనే సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్ళతో చిక్కగా మరిగించిన టీ అంటే రెండు వైపులా వడ్డన. క్యాన్‌కు డబ్బులు చాలకపోతే, ముందు తాగడానికి, వంటకు మంచి నీళ్ళు కేటాయించి, స్నానానికి, గిన్నెలు కడగడానికి బోరు వాడండి. చర్మం గుండా ఫ్లోరైడ్ లోపలికి పోదు.

చింతపండు గురించి కూడా ఒక మాట. 2002లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు కొన్నాళ్ళు చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. మన పచ్చిపులుసు మీద గౌరవం పెరగడానికి ఇది చాలు. నీళ్ళు మార్చకుండా ఉండటానికి మాత్రం సాకు కాదు.

సంపు, బాయి: బ్లీచింగా, బిళ్ళలా, పింకు మందా?

ఇది త్వరగా తేలిపోయే విషయం. మంచి రకం బ్లీచింగ్ పౌడర్ 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది. బకెట్‌లో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, ఇంకొన్ని నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే వాడాలి. మూత తెరిచి పెట్టిన పొట్లంలో క్లోరిన్ ఎగిరిపోతుంది. నిరుడు తెచ్చి మూలన పడేసిన పొడి అంటే దాదాపు సున్నమే. ఇంట్లో ఒకటి రెండు బిందెలకైతే తూకం గొడవ లేని క్లోరిన్ బిళ్ళలు నయం. పాత రోజుల్లో బావుల్లో వేసిన పింకు మందు, అంటే పొటాషియం పర్మాంగనేట్, చాలా రకాల క్రిముల మీద సరిగా పనిచేయదు. రంగు చూసి తృప్తి పడటానికే.

పప్పుకు, బట్టలకు: రెండు సోడాల మధ్య

తినే సోడా సోడియం బైకార్బొనేట్. బట్టల సోడా సోడియం కార్బొనేట్. అక్షరాల్లో తేడా చిన్నది, క్షార గుణంలో తేడా చాలా పెద్దది. బట్టల సోడా నోట్లో పడితే పుండ్లు పడతాయి. రెండు డబ్బాలూ వంటింట్లో పక్కపక్కన పెట్టకండి.

గట్టి నీళ్ళలో కందిపప్పు ఎందుకు ఉడకదంటే, గింజలోని కణాలను అంటిపెట్టుకుని ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని కాల్షియం, మెగ్నీషియం ఇంకా బిగిస్తాయి. చిటికెడు తినే సోడా ఆ బిగువును వదులు చేస్తుంది. కానీ సోడా వేస్తే పప్పులోని బీ1 విటమిన్ దెబ్బతింటుంది, కాస్త ఎక్కువైతే సబ్బు రుచి. కాబట్టి ముందు వేరే దారులు చూడండి: పప్పును నానబెట్టండి, వంటకు నల్లా నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో వాడండి, చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పోయండి. పులుపు కూడా పెక్టిన్‌ను గట్టిగానే ఉంచుతుంది. ఇవన్నీ చేశాక కూడా శనగలు మొండికేస్తే అప్పుడు చిటికెడు సోడా.

బట్టల దగ్గర కథ వేరు. సబ్బు కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. గట్టి నీళ్ళలోని కాల్షియం దాన్ని పట్టుకుని కరగని జిడ్డు తెట్టుగా మారుస్తుంది. తెల్ల చొక్కా నెలనెలా బూడిదరంగుకు తిరగడం, తువ్వాలు గరుకెక్కడం దాని వల్లే. ఇక్కడ మూడు దారులున్నాయి. సబ్బే ఎక్కువ అరగదీయడం దండగ, ఎందుకంటే నీళ్ళలో కాల్షియం అయిపోయేదాకా సబ్బు అంతా తెట్టుకే పోతుంది. డిటర్జెంట్ అయితే కాల్షియంతో తెట్టు కట్టదు, రోజువారీ బట్టలకు బాగుంటుంది. ఇక చవకైనది బట్టల సోడా. సోడా ముందే కరిగించి కాసేపు ఆపితే కాల్షియం అంతా కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సుద్దగా, అడుగుకు దిగుతుంది. అప్పుడు సబ్బు నురగ వస్తుంది. మన చాకలివాళ్ళు పూర్వం చౌడు మన్నుతో బట్టలు ఉడకబెట్టిందీ ఇదే లెక్కతో. ఆ మట్టిలో ఉండేది సోడియం కార్బొనేటే.

కానీ పట్టుకు మాత్రం సోడా వద్దు. పట్టు మాంసకృత్తి, క్షారం దాన్ని తినేస్తుంది. బ్లీచింగ్ ఇంకా ఘోరం, పోగును కరిగించేస్తుంది. పోచంపల్లి పట్టు చీర అయితే ఎవరైనా జాగ్రత్త పడతారు. దెబ్బ తినేది గద్వాల చీర దగ్గర. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు చీరే కదా అని సోడాలో నానబెడితే ఒళ్ళు తెల్లబడుతుంది, అంచు మెరుపు పోయి పెళుసెక్కుతుంది. గద్వాల చీరను ఒంటిని చూసి కాదు, అంచును చూసి ఉతకాలి: చల్లటి మెత్తటి నీళ్ళు, కుంకుడు రసం లేదా పలచటి షాంపూ.

తెల్ల పొర: యాసిడా, నిమ్మ ఉప్పా, వెనిగరా?

గీజరు కడ్డీ మీద, స్టీలు గిన్నె అడుగున, నల్లా మూతి చుట్టూ కట్టే గార ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఏ పులుపైనా దాన్ని కరిగిస్తుంది, బుస్సుమని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ప్రశ్న ఎంత పులుపు అన్నదే.

బాత్రూమ్ యాసిడ్ పేరుతో అమ్మేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సీసాల్లో వచ్చే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ పలచబరిచిన ఇదే ఆమ్లం. పింగాణీ కమోడ్‌కు ఇది సరే, దానికి గాజులాంటి పూత ఉంటుంది. నేల దగ్గరే ఆలోచించాలి. మన వైపు ఇళ్ళలో సగం షాబాద్, తాండూరు బండలే. అవి సున్నపురాయి, అంటే వాటిలో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేటే. గార ఏ పదార్థమో బండా అదే పదార్థం. యాసిడ్‌కు రెండింటి మధ్య తేడా తెలియదు. మరక పోయిందని మురిసిన చోట బండ మెరుపు పోయి గరుకెక్కి, ఇక మీదట మురికి అక్కడే పట్టుకుంటుంది. పాలరాయి, మొజాయిక్ గచ్చులదీ అదే గతి. గ్రానైట్ మాత్రం తట్టుకుంటుంది, కానీ పలకల సందుల్లోని సిమెంటు తట్టుకోదు. తాండూరు బండకు సబ్బు నీళ్ళు, పీచు, ఓపిక. అంతకు మించింది వద్దు.

గిన్నెలకు, కెటిల్‌కు నా ఓటు నిమ్మ ఉప్పుకే, అంటే సిట్రిక్ ఆమ్లం. లీటరు నీళ్ళకు ఒకటి రెండు చెంచాలు వేసి మరిగించి, పొయ్యి కట్టేసి అరగంట వదిలితే పొర దానంతట అదే లేస్తుంది. వాసన ఉండదు, చవక, తిండి సామానుకు భయం లేదు. వెనిగర్ కూడా పనిచేస్తుంది, కానీ అందులో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4, 5 శాతమే ఉంటుంది. సీసా అంతా పోస్తే గానీ పని జరగదు, ఇల్లంతా పుల్లటి వాసన. స్టీలు మీద బాత్రూమ్ యాసిడ్ పోస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. అల్యూమినియం గిన్నెలకైతే యాసిడ్ పడదు, బట్టల సోడా కూడా పడదు, లోహాన్నే తినేస్తుంది. రాగి, ఇత్తడి బిందెలకు చింతపండును మించింది ఇంకా రాలేదు. దానిలోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, లోహం జోలికి పెద్దగా పోదు.

ఫోన్‌లో తిరిగే వీడియోల్లో తినే సోడా, వెనిగర్ కలిపి పోయమంటారు. బుసబుస నురగ చూడటానికి బాగుంటుంది. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది పలచటి ఉప్పు నీళ్ళు. గారకు వెనిగర్ ఒక్కటే వాడండి, జిడ్డుకు సోడా ఒక్కటే వాడండి.

అది డబ్బు దండగతో పోతుంది. బాత్రూమ్‌లో బ్లీచింగ్ చల్లి, దాని మీద యాసిడ్ పోస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి కంటే బరువైనది, చిన్న గదిలో కిందే నిలుస్తుంది. తలుపు వేసుకుని, కూర్చుని తోమే మనిషి ముక్కు దగ్గరే ఉంటుంది. ఘాటు తగిలి దగ్గు మొదలైతే కడిగే పని చూసుకోకుండా వెంటనే ఆరుబయటికి రావాలి, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. బ్లీచింగ్ వాడిన చోట యాసిడ్ వాడాలంటే మధ్యలో దండిగా నీళ్ళు కొట్టి, వేరే రోజుకు పెట్టుకోండి. యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే అలవాటు కూడా ఈ రోజే మానేయండి.

ఉప్పుల్లో ఏది, టూత్‌పేస్ట్‌లో ఏది

అయోడిన్ ఉప్పులో ఉండేది సోడియం క్లోరైడ్, దానికి రవ్వంత పొటాషియం అయోడేట్. అమ్మకం దగ్గర కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నియమం. రోజు వంటకు అదే వాడండి, మూత బిగించి ఉంచండి, వీలైతే వంట చివర్లో వేయండి. ఆవకాయకు దొడ్డుప్పు వాడితే నష్టం లేదు, ఏడాదంతా తినే ఉప్పులో అది చిన్న భాగమే. సైంధవ లవణం, నల్లుప్పు ఆరోగ్యమని ఈ మధ్య బాగా అమ్ముతున్నారు. వాటిలో సాధారణంగా అయోడిన్ కలపరు, పైగా కొన్ని రాతి ఉప్పుల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు మీద పనిచేసేవాళ్ళు నల్లుప్పు మానేయమని చెప్పేది అందుకే. వేరే జిల్లాలో ఎవరికి ఎలా ఉన్నా, మునుగోడు వంటింట్లో దానికి చోటు లేదు. సోడియం తక్కువ ఉప్పు అని వచ్చేదానిలో కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా దానికి మారకూడదు.

టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది, మన దేశంలో దాని పరిమితి కిలోకు 1000 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళు ఉమ్మేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. చిన్నపిల్లలు సగం మింగుతారు. బోరు నీళ్ళు తాగే ఊళ్ళో, ఆరేళ్ళ లోపు పిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్ట్ తీసుకోవడమే నాకు సబబుగా అనిపిస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీ ఊరి నీళ్ళ అంకె కూడా చెప్పండి.

ఎండలో పడిపోయినప్పుడు: గ్లూకోజా, ఓఆర్‌ఎస్సా, సల్లనా?

పాలమూరు మే నెల ఎండలో ఉపాధి పనికి వెళ్ళొచ్చిన మనిషికి గ్లూకోజ్ పొడి కలిపి ఇవ్వడం మనకు అలవాటు. చక్కెర శక్తినిస్తుంది, కానీ చెమటలో పోయింది ఉప్పు కూడా. పేగుల్లో సోడియం, గ్లూకోజ్ జంటగా ఉంటేనే రెండూ వేగంగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. ఒట్టి గ్లూకోజ్‌తో ఆ పని సగమే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. మామూలు అలసటకు ఉప్పేసిన పలచటి సల్ల చాలు, రుచిలోనూ దానిదే పైచేయి. విరేచనాలు, వాంతులు అయితే మాత్రం ఓఆర్‌ఎస్సే. పొట్లం దొరక్కపోతే లీటరు మంచి నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చదునుగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

ప్యాకెట్ పేరు చూసి మోసపోవద్దు. పండ్ల రుచులతో డబ్బాల్లో వచ్చిన తియ్యటి పానీయాలు చాలాకాలం ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల దుకాణాల్లోనే అమ్ముడయ్యాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఇప్పటికీ కొనే ముందు పొట్లం వెనక ఆ నాలుగు పదార్థాల లెక్క ఉందో లేదో చదవండి. పొట్లం మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నిటిలోనే, ఒకేసారి మొత్తం కలపాలి, సగం పొడి సగం గ్లాసు లెక్కలు వద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.